మరచెంబు తీసుకుని దబీర్‌పురాకు

మా అక్క అనసూయ హైదరాబాదు చూపించమని ఎన్నడూ అడగలేదు. చార్మినారు చూద్దువు గాని రమ్మని నేనే రెండు మూడుసార్లు ఆశపెట్టినా కదలలేదు. అటువంటి మనిషి, యుద్ధం మొదలైన మరుసటి ఏడు, ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే, "నన్ను దబీర్‌పురాకు తోల్కపోతవా తమ్మీ?" అని అడిగింది. అక్కడ మనకు ఎవరున్నారని అడిగితే, "ఎల్లయ్య ఉన్నడట. మస్తు ముసలోడైండట. ఆయన పోకముందే ఒక మాట అడగాలె" అంది. ఊళ్ళో గాజులు అమ్ముకునే సాయెబు ఆమెకు ఆ కబురు మోసుకొచ్చాడు.

నేను అప్పుడు జడ్చర్లలో ఉర్దూ బడిలో తెలుగు పంతులుని. సెలవుల్లో నీడన మంచం వాల్చుకుని పడుకోవడం తప్ప వేరే యోచన లేనివాణ్ణి. ఎండలో పట్నం అంటే ఒళ్ళు మండింది. అయినా అక్క అడగబోయే మాట ఏదో నాకు తెలుసు గనక కాదనలేకపోయాను. అది చదివేవారికీ తెలిస్తే గాని ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు.

ఎల్లయ్య, చాంద్‌మియా అని ఇద్దరు నకల్ ఆటగాళ్ళు ఉండేవారు. మనుషుల నడకలూ వాలకాలూ తీసి నవ్వించడం వాళ్ళ పని. చాంద్‌మియా ఆడేవాడు, ఎల్లయ్య డోలక్ వాయించేవాడు. వాళ్ళ ఆటకు ఒక పద్ధతి ఉండేది. మొదట నేలమీద ఒక దుప్పటి పరిచేవారు. చూడవచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు తమ వస్తువు ఒకటి దాని మీద పెట్టాలి. చెప్పు కావచ్చు, గొడుగు కావచ్చు, తాళంచెవి కావచ్చు. చాంద్‌మియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అప్పటికప్పుడు ఆట కట్టేవాడు. ముందుగా అనుకున్నది ఏదీ ఉండదు. ఆట ముగిశాక ఎల్లయ్య డోలక్ పక్కన పెట్టి లేచి నలుగురైదుగురి దగ్గరికి పోయి, "వచ్చిందెవరు?" అని అడిగేవాడు. ఆటలో వచ్చిన మనిషి ఎవరో మనకు తోచిన పేరు చెప్పాలి. ఒకరు మా మేనమామ అంటారు, ఒకరు మా ఊరి పట్వారీ అంటారు. ఎల్లయ్య ఆ పేరును గొంతెత్తి అందరికీ చాటేవాడు, జనం మళ్ళీ నవ్వేవారు. ఎవరు చెప్పింది సరైనదో చాంద్‌మియా మాత్రం చెప్పడు. అందరి చివర వస్తువు గలాయన్ని అడిగేవారు.

అక్క నన్ను అడిగిన రోజుకు అయిదేళ్ళ ముందు, మా తాలూకా తహసీల్దారు కూతురి పెళ్ళికి ఈ ఇద్దరూ వచ్చారు. తహసీల్దారు ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా వెనక వరండాలో వెదురు తెర చాటున ఉన్నారు. దుప్పటి మీద వస్తువు పెట్టినది మా బావ కిషన్‌రావు. ఆయన గిర్దావరు, అంటే పల్లెపల్లె తిరిగి పొలాలూ పన్నులూ తనిఖీ చేసే ఉద్యోగి. నవ్వడం ఆ ఉద్యోగానికి తగదని నమ్మిన మనిషి. గత్తరలో, అంటే కలరాలో, అన్నను పోగొట్టుకున్నాడు గనక పరాయి ఊళ్ళో చుక్క నీళ్ళు తాగేవాడు కాదు. అక్క తెల్లవారుజామున నీళ్ళు కాచి, చల్లార్చి, ఇత్తడి మరచెంబులో పోసి, మూత కింద తడిగుడ్డ పెట్టి బిగించి ఇచ్చేది. ఆ మరచెంబునే ఆయన దుప్పటి మీద పెట్టాడు.

ఆ ఆట నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. చాంద్‌మియా దాహంతో ఉన్న దొరగా మారాడు. మూత రావడం లేదు. చెంబును గద్దించాడు. దానికి ఫర్మానా చదివి వినిపించాడు. సాక్షుల్ని పిలిపించి వాంగ్మూలం రాయించాడు. జరిమానా వేశాడు. ఆఖరికి దాని కాళ్ళు పట్టుకున్నాడు, చెంబుకు కాళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుని మరీ. అందరం పడి పడి నవ్వుతుంటే, ఉన్నట్టుండి దుప్పటి కొంగు నెత్తి మీద కప్పుకున్నాడు. పొట్టి అడుగులు వేస్తూ పక్కనుంచి వచ్చి, ఒక్క చేత్తో మూత తిప్పి తీసి, చెంబు దొర ముందు పెట్టి, ఆయన ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ దొరగా మారి గటగటా తాగాడు. అంతే ఆట.

బావ నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా, తలపాగా జారేదాకా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఎల్లయ్య వచ్చి "వచ్చిందెవరు?" అంటే, బావ గట్టిగా చెప్పలేదు. ఎల్లయ్యను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాడు. ఎల్లయ్య ఆ పేరు చాటలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి వెళ్ళిపోయాడు. మూడు వరుసల వెనక ఉన్న నాకూ వినబడలేదు, తెర చాటున ఉన్న అక్కకూ వినబడలేదు.

నా మటుకు నాకు ఆ దొర తహసీల్దారే. కొంగు కప్పుకుని వచ్చినది ఆయన దగ్గర కాగితాలు చూసే పేష్కారు. ఆ పేష్కారు లేనిదే తహసీల్దారు దస్తఖతు ఎక్కడ చేయాలో కూడా తెలియదని తాలూకా అంతా అనుకునేది. ఇన్నేళ్ళూ నేను అదే అనుకున్నాను, ఇంకొకటి ఉంటుందని తోచనే లేదు. బావ ఆ తర్వాత రెండేళ్ళు బతికి, జ్వరంతో వారం రోజుల్లో పోయాడు.

మేము బయలుదేరిన రోజు బండి ఆరున్నరకు రావాలి, ఏడుంబావుకు వచ్చింది. మీటరుగేజి బండి, మూడో తరగతి, ఇద్దరికీ కలిపి రెండు రూపాయలలోపే అయింది, నిజాం సర్కారు హాలీ సిక్కాలో. పెట్టెలో తాటిముంజల బుట్టలు, మేకపిల్ల ఒకటి, బీడీ పొగ. అక్క కిటికీ పక్కన కూర్చుని సంచీని ఒళ్ళో పెట్టుకుంది. అందులో ఏముందో చేయి వేసి చూడకుండానే తెలిసింది. బావ పోయాక ఆ మరచెంబును ఆమె అటక మీద పెట్టేసిందని నాకు తెలుసు. దాన్ని దించి తోమి తెచ్చింది.

బాలానగర్ దాటాక అక్క నాకు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. ఆ పెళ్ళినాడు తెర వెనక ఆడవాళ్ళంతా తన వంకే చూసి నవ్వారట. పొట్టి అడుగులు నీవే, తల వంచుకుని పోవడం నీదే అని పక్కింటామె మోచేత్తో పొడిచిందట. పైగా మొగుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఇంటికి పోయాక ఎవరి పేరు చెప్పావని అడిగితే, ఏం లేదని చెప్పి పడుకున్నాడట.

"మర్నాటి సంది చెంబు మూత బిగించుడు బంద్ చేసిన" అంది అక్క. "ఒదులుగనే పెట్టిచ్చిన. నీకు నేను నవ్వులాటనైతే నీ మూత నువ్వే తీస్కో అనుకున్న. ఆయన ఒక్క మాట అడగలే. దారిల నీళ్ళు కారి సంచి తడిసొచ్చేది. అయినా అడగలే. గట్ల రెండేండ్లు నడిచింది."

ఆయన నవ్వింది తనను చూసి ఎగతాళిగా అయితే తాను చేసింది తప్పు కాదు. కాకపోతే తప్పు. అది తేల్చుకోవడానికి ఆమెకు ఉన్న దారి ఎల్లయ్య ఒక్కడే. నేను మా తహసీల్దారు సిద్ధాంతం వినిపించబోతే, అది నువ్వు చాలాసార్లు చెప్పావులే అని కిటికీ వైపు తిరిగింది.

షాద్‌నగర్‌లో ఒక ముసలి సాయెబు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. తోళ్ళ వ్యాపారి. మేము ఎక్కడికి పోతున్నామో చెప్పగానే నుదురు కొట్టుకున్నాడు. "నా బామ్మర్ది ఆ చాంద్‌మియా ఆట చూసొచ్చి, నువ్వే చెప్పి నా మీద ఆట కట్టించినవని ఏడాది నాతోని మాట్లాడలే. నేనా చాంద్‌మియా మొఖం ఎన్నడు సూడనే లేదు భాయ్" అన్నాడు. అక్క ఆ మాటకు నవ్వలేదు. అతను పాపం ముంజలు ఒలిచి పెట్టాడు.

ఒక మాట. దబీర్‌పురాకు పోదలచినవారు కాచిగూడ దాకా టిక్కెట్టు కొనవద్దు. బండి ఫలక్‌నుమా దాటాక పాతబస్తీ ఇళ్ళ వెనకనుంచే పోతుంది, అక్కడి చిన్న స్టేషనులోనే దిగాలి. నేను తెలివిగా కాచిగూడకు కొన్నాను గనక, దిగవలసిన చోటు కళ్ళముందే వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాము. పదిన్నరకు కాచిగూడలో దిగి, ఝట్కా మాట్లాడుకుని, మూసీ ఒడ్డునే అఫ్జల్‌గంజ్ చేరాము. ఝట్కావాడు అర్ధరూపాయి అడిగి, అయిదణాలకు ఒప్పుకుని, దారిపొడుగునా గుర్రంతో మమ్మల్ని తిట్టించాడు. గుర్రం ఏమందో మాకు తర్జుమా చేసి చెప్పేది అతనే. ఆ ఊళ్ళో అప్పుడు నకల్ తెలియని మనిషి ఉండేవాడు కాదేమో.

సత్రంలో ఒక గది దొరికింది. పక్కనే భోజన హోటల్లో విస్తరి వేసి, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు వడ్డించారు. అక్క రెండు ముద్దలు తిని లేచింది. ఎండ తగ్గనీ అన్నా వినలేదు. మూడు గంటలకు నయాపూల్ దాటి, దారుల్‌షిఫా మీదుగా నడుచుకుంటూ దబీర్‌పురా దర్వాజా లోపలికి వచ్చాము. ఆ గల్లీల్లో అప్పట్లో గేదెల కొట్టాలు, అత్తరు దుకాణాలు పక్కపక్కనే ఉండేవి. పేడ వాసన, అత్తరు వాసన కలిసి వచ్చే ఆ గాలిని ఇప్పటికీ మరచిపోలేదు. ఎవరిని అడిగినా ఎల్లయ్య ఇల్లు చెప్పారు. ఒకాయన దుకాణం వదిలిపెట్టి గడప దాకా తీసుకొచ్చి దిగబెట్టాడు.

ఎల్లయ్య అరుగు మీద కూర్చుని డోలక్ తాళ్ళు బిగిస్తున్నాడు. పక్కనే గోడకు ఆనుకుని పొడుగ్గా, సన్నగా చాంద్‌మియా. ఇద్దరి ఇళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆట లేనప్పుడు చాంద్‌మియా ముఖంలో ఏమీ ఉండదని అప్పుడు చూశాను. మమ్మల్ని కూర్చోమని చేత్తో సైగ చేశాడు. అక్క సంచీలోంచి మరచెంబు తీసి అరుగు మీద పెట్టి, మెల్లగా, తల వంచుకుని, తాను వచ్చిన పని చెప్పుకుంది. ఎల్లయ్య అంతా విన్నట్టే తల ఊపి, ఆఖరుకు, "వినవడదు తల్లీ. చెవులు రెండు పోయినయ్. గట్టిగ చెప్పు" అన్నాడు.

అయిదేళ్ళు దాచుకుని ఆ పొద్దున నాకొక్కడికే చెప్పిన మాట గట్టిగా ఎలా చెబుతుంది? నా వైపు చూసింది. నేను బళ్ళో ఎక్కాలు చెప్పే గొంతుతో, పెళ్ళినాడు మా బావ నీ చెవిలో ఏ పేరు చెప్పాడని అరిచాను. గల్లీ అంతా విన్నది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. గేదెకు గడ్డి వేస్తున్న ఆమె గడ్డి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఎల్లయ్య అక్క ముఖం చూశాడు, మరచెంబు చూశాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "యాదికొచ్చింది. నీ పేరే చెప్పిండు తల్లీ" అన్నాడు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. మొగవాళ్ళూ నలుగురిలో పెళ్ళాం పేరు పలకరు. బావ ఇరవై ఏళ్ళ కాపురంలో అక్కను "ఇగో" అని తప్ప పిలవలేదు. ఆమె తల ఎత్తి, "నా పేరేందో చెప్పుమను" అని నాతో అంది. నేను అరిచాను. ఎల్లయ్య చాంద్‌మియా వంక చూశాడు. చాంద్‌మియా గోడవైపు చూశాడు. డోలక్ తాడు ఎల్లయ్య చేతిలో వదులైపోయింది.

"అబద్ధమాడిన తల్లీ" అన్నాడు. "నాకేం యాదికి లేదు. వేల మంది పేర్లు విన్న ఈ చెవులతోని. నువ్వు గంత దూరంకెల్లి వచ్చినవు, ఉత్తగ తోలియ్యబుద్ధిగాలే. మాఫ్ చెయ్యి."

అక్క ఏడవలేదు, కోపగించుకోలేదు. ఆ ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది. ముసలాయన మీద కోపం కూడా వచ్చింది, నిజం చెప్పినందుకు. ఇంకొక్క పేరు కల్పించడం ఆయనకు ఎంత పని, జీవితమంతా చేసింది అదే గదా అనుకున్నాను. అక్క లేచి నిలబడి చాంద్‌మియాను అడిగింది, ఆ రోజు నువ్వు చేసింది నన్నేనా అని.

అతను చెంబు వంక చూశాడు. "నేనెవర్ని చెయ్యలే అమ్మా. నువ్వు ఆడ ఉన్నట్టే నాకు ఎరుకలే. మూత రాకపాయె. తీసేటోళ్ళు ఒకరు గావాలె. చేతికి దుప్పటి కొంగు దొరికింది, కప్పుకున్న. గంతే. నేను సోంచాయించి చేస్తే ఎవరికి నవ్వు రాదు." అయితే ఆ ఆట మళ్ళీ ఒకసారి చేసి చూపిస్తావా అని అక్క అడిగితే, తల అడ్డంగా ఊపాడు. చేసిన ఆట మళ్ళీ చేయడం తనకు రాదన్నాడు. మర్నాడు నాలుగు గంటలకు పాలవ్యాపారి యాదగిరి వాకిట్లో ఆట ఉందని, ఏదో వ్యాజ్యం గెలిచిన సంతోషంలో పెట్టించుకుంటున్నాడని, చెంబు తెచ్చి దుప్పటి మీద పెట్టమని చెప్పాడు. "ఏమొస్తదో నాకు గూడ తెల్వదు" అన్నాడు.

మర్నాడు పొద్దంతా అక్క గది విడిచి రాలేదు. నేను ఇరానీ హోటల్లో రెండు చాయలు తాగి, చౌక్‌లో గడియారాలు చూసి, ఏమీ కొనకుండా వచ్చాను. వెళ్ళిపోదాం పద అంటుందేమోనని ఎదురు చూశాను. మూడున్నరకు తానే సంచీ తీసుకుని గుమ్మంలో నిలబడింది.

యాదగిరి వాకిలి పెద్దది. గేదెల్ని వెనక్కి తోలి, నేల అలికి, నీళ్ళు చల్లారు. మొగవాళ్ళు వందమంది దాకా ఉన్నారు. పాలవాళ్ళు, తాళాలు బాగుచేసేవాళ్ళు, దర్జీలు, ఇద్దరు ముగ్గురు కచ్చేరీ గుమాస్తాలు. ఒక పక్క వెదురు తెర కట్టి, దాని వెనక ఆడవాళ్ళు. హిందువులు, ముసల్మానులు అందరూ అక్కడే, బురఖాలు పైకెత్తుకుని. దుప్పటి పరిచాక ఎవరూ ముందుకు రాకపోతే, అక్క తెర కిందనుంచి చెంబును ముందుకు తోసింది. నేను దాన్ని తీసుకెళ్ళి దుప్పటి నడుమ పెట్టి వచ్చి తెర పక్కనే కూర్చున్నాను. డోలక్ మొదలైంది. ఎల్లయ్యకు చెవులు పోయినా చేతులు పోలేదు.

చాంద్‌మియా చెంబును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత పంచె ఎగ్గట్టాడు. ఏరు దాటబోతున్నాడు. నీళ్ళు మడమ దాకా వచ్చాయి, మోకాలి దాకా వచ్చాయి. చెంబును నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. చెంబులో నీళ్ళు తడవకూడదు. జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. నడుము దాకా, ఛాతీ దాకా నీళ్ళు. అప్పుడు దాహం వేసింది. మెడ దాకా నీళ్ళలో ఉండి నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. ఏటి నీళ్ళు నోటికి తగులుతుంటే ఛీ అని ఉమ్మేస్తున్నాడు. చెంబు మూత తీద్దామంటే రెండు చేతులు కావాలి, ఒక చెయ్యి పంచె పట్టుకుని ఉంది. పంచె వదలనా, చెంబు వదలనా అని అటూ ఇటూ చూశాడు. ఎవరో పంచె వదులు భాయ్ అని అరిచారు. ఆఖరికి మునిగిపోయాడు. చెంబు పట్టుకున్న చెయ్యి ఒక్కటి పైన మిగిలింది. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, చెంబును నీళ్ళ మీద మెల్లగా వదిలిపెట్టింది, ఒడ్డుకు తేలిపొమ్మన్నట్టు. డోలక్ ఆగింది.

వాకిలి దద్దరిల్లింది. నేనూ నవ్వాను. అయితే నా పక్కనున్న ముసలి పాలాయన ముఖం కండువాలో దాచుకుని వెక్కుతున్నాడు. ఎల్లయ్య లేచి మొదట ఆయన దగ్గరికే వచ్చాడు. "వచ్చిందెవరు?"

"మా తమ్ముడు" అన్నాడు ఆయన గట్టిగా. "మూసీ వరదల పోయిండు. గట్లనే, చెయ్యొక్కటి అవుపడ్డది." ఎల్లయ్య ఆ పేరు చాటలేదు, ఆయన భుజం తట్టాడు. తర్వాత గుమాస్తాల్లో ఒకడు, వచ్చింది మా కచ్చేరీ అధికారి నాజిర్ సాబ్, బల్ల మీద కాగితం తడవకుండా చూసుకుంటాడు, ఊరు మునిగినా ఆయనకు ఫికర్ లేదు అన్నాడు. దర్జీ ఒకడు తన అత్తగారని చెప్పాడు, ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. యాదగిరి తన వ్యాజ్యంలో ఓడినవాడి పేరు చెప్పి తొడ కొట్టాడు. పక్కవాడు ఏడుస్తుంటే ఇంకొకడు నవ్వడం అక్కడ ఎవరికీ తప్పనిపించలేదు. ఎవరి మనిషి వాళ్ళకు వచ్చాడు, అంతే.

ఆఖరుకు ఎల్లయ్య తెర దగ్గరికి వచ్చి తల వంచి నిలబడ్డాడు. "చెంబు గలామె చెప్పాలె. వచ్చిందెవరు?"

తెర లోపల అక్క నవ్వుతోందని అప్పుడు తెలిసింది. నవ్వు ఆపుకోలేక ఆయాసపడుతోంది. ఏదో చెప్పింది. ఎల్లయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పింది. "వినవడలే తల్లీ." తెరకు ముఖం ఆనించి ఇంకోసారి చెప్పింది. పక్కనున్న నాకే వినబడలేదు, ఆయనకేం వినబడుతుంది? వాకిలంతా తెర వైపు తిరిగింది. నేను అందుకుందామని నోరు తెరిచేలోపల అక్క గొంతు వచ్చింది.

"కిషన్‌రావు."

పేరు పలకని మనుషులకు ఆ ఒక్క మాట ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తెర వెనక ఆడవాళ్ళందరికీ అది మొగుడి పేరేనని ఆ గొంతులోనే తెలిసిపోయింది. ముందు ఎవరో నోరు నొక్కుకున్నారు. తర్వాత వాళ్ళ నవ్వు తెరను కదిలించింది. ఎల్లయ్యకు వినబడింది. ముఖం వెలిగిపోయి, రెండు చేతులూ ఎత్తి, "కిషన్‌రావూ" అని వాకిలంతా చాటాడు. మూడేళ్ళ తర్వాత మా బావను ఎవరో పిలిచారు.

మూడోనాడు పొద్దున ఏడింటి బండికి తిరుగు ప్రయాణం. కాచిగూడలో కాయితపు పొట్లంలో పూరీలు కొన్నాము, చల్లారిపోయినవి. బండి పాతబస్తీ వెనకనుంచి పోతుంటే కొట్టాల్లోంచి పొగ లేస్తోంది. ఆ తర్వాత నేను హైదరాబాదుకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. సిక్కా మారింది, సర్కారు మారింది. గొంతెత్తి పేరు చాటే మనిషి మాత్రం మళ్ళీ కనబడలేదు. టిక్కెట్టు కొని, చీకట్లో ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని చూసే ఆటలే ఇప్పుడున్నాయి. ఏది చూసినా, అయిపోయాక ఒక ముసలాయన వచ్చి వచ్చిందెవరని అడిగితే బాగుండునని నాకు ఉంటుంది.

ఉందానగర్ దాటాక అక్క మాట్లాడింది.

"తమ్మీ, నాకు ఎరుకైంది. నిన్న నా నోటికి ఆ పేరు ఎందుకు రాలేదో చూసినవు గద. వేరే ఎవరి పేరైనా అయితే మొదలే గట్టిగ చెప్పేదాన్ని. ఆయన గూడ గంతే. వాళ్ళమ్మ పేరైతే గట్టిగ చెప్పేటోడు. ఊరోళ్ళ పేరైతే గట్టిగ చెప్పేటోడు. చెవిల చెప్పుకునే పేరు ఆయనకు ఒకటే ఉన్నది."

ఆ మాట అన్నాక ఆమె ఏడ్చింది. పెట్టెలో నలుగురూ చూస్తున్నా ఆపుకోలేదు. నవ్వుల పాలు చేశాడనుకుని రెండేళ్ళు మూత వదులుగా పెట్టి ఇచ్చానే, ఆయన నన్ను చూసి అంత సంతోషపడితే నేను కారే చెంబు చేతికిచ్చి పంపానే అని కుమిలిపోయింది. అన్ని నాళ్ళూ ఆయన ఒక్క మాట అడగకపోవడం ఆమెకు ఇప్పుడు ఇంకా బరువైంది.

నాకు చప్పున ఇంకొకటి తోచింది. చెవిలో చెప్పవలసిన పేరు ఆ రోజు అక్కడ రెండోది కూడా ఉంది. తహసీల్దారు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన చేతికింది గిర్దావరు ఆ పేరును వందమందిలో గట్టిగా చెబుతాడా? ఎల్లయ్య మాత్రం చాటుతాడా? ఈ మాట చెబితే అక్క తప్పు పోతుంది, ఏడుపు ఆగుతుంది. అది నాలుక చివరి దాకా వచ్చింది.

"అక్కా, ఒకవేళ ఆ రోజు ముందల కూసున్న..." అన్నాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని నా మోకాలి మీద చెయ్యి వేసింది. "తహసీల్దారు అంటవు. నాకు తెల్వదా? అది నువ్వు చూసిన ఆట తమ్మీ. నేను చూసింది నాకు ఉండనియ్యి. ఏడుపొస్తే ఏడుస్త."

షాద్‌నగర్ వచ్చేదాకా ఆమె కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది, మధ్యమధ్య నవ్వుతూనే ఉంది.